బొటనవేలి సిరా

పొద్దున్నే నమాజు ముగించుకుని రతీబా డాబా మెట్లెక్కింది. జూలై నెల. నీళ్లు వచ్చి తొమ్మిది రోజులైంది. ఇంకో పది పన్నెండు రోజుల దాకా కుళాయిలో చుక్క రాదు. బైత్ ఖరూబ్ ఊళ్లో ఏ ఇంటి ఆడదైనా ఈ నెలల్లో లేవగానే చేసే మొదటి పని ట్యాంకు చూసుకోవడమే.

డాబా మీద మూడు నల్ల ట్యాంకులున్నాయి. ఒకటి పై వాటాలో ఉంటున్న పెద్దకొడుకు నాయిఫ్‌ది. మిగతా రెండూ కింది వాటావి. కింద ఉండేది నలుగురు: రతీబా, మంచం పట్టిన ఆమె భర్త సబ్రీ, చిన్నకొడుకు ఇస్సామ్, అతని భార్య నజ్వా. రతీబా వేలి ఉంగరంతో ట్యాంకుల మీద కొట్టి చూసింది. మొదటిది నిండుగా పలికింది. రెండోది సగం కిందిదాకా డొల్లగా మోగింది.

"ఏంటత్తయ్యా, పొద్దున్నే ట్యాంకుతో కబుర్లా?" పెద్దకోడలు సుహైలా బట్టలు ఆరేస్తూ నవ్వింది.

"ఇది నిన్న ఇంత తగ్గలేదే."

"నా వంక చూడకండి. నేను మెట్లు కడిగి నెల అయింది. చిన్నపిల్లల్ని కూడా ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నా."

"నిన్నెవరన్నారిప్పుడు?"

సుహైలా నోట్లో పెట్టుకున్న క్లిప్పు తీసి గొంతు తగ్గించింది. "నేననడం కాదు గానీ, మీ చిన్నకోడలు రోజూ తెల్లవారకముందే గాడిదను తోలుకుని పోతోంది. అడిగితే మేతకంటుంది. జూలై ఎండల్లో గడ్డెక్కడుందత్తయ్యా? కొండంతా మాడిపోయి ఉంటే?"

రతీబా వెనక్కి తిరిగింది. ఆ మాట మాత్రం ఆమెతో పాటు మెట్లు దిగింది.

వంటింట్లో నజ్వా రొట్టెల పిండి పిసుకుతోంది. ఆమె పుట్టిల్లు లోయలో, గొర్రెలు కాచుకునే వాళ్ల ఇల్లు. పెళ్లై నాలుగేళ్లైంది. మనిషి గట్టిది, మాట తక్కువది. ఆ మౌనం ఇన్నాళ్లూ రతీబాకు వినయంలాగే కనిపించింది.

"ట్యాంకులో నీళ్లు తగ్గాయి నజ్వా."

"ఎక్కడో కారుతోందేమో అత్తయ్యా. ఇస్సామ్‌ని చూడమంటాను." నజ్వా పిండి మీంచి చూపు ఎత్తలేదు.

కారితే డాబా తడవాలి కదా. డాబా ఎముకలా ఎండి ఉంది.

ఆ రోజు నుంచి రతీబాకు ఇంట్లో ప్రతిదీ వేరేగా కనిపించసాగింది. సబ్రీకి చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆయన ఏమంటున్నాడో ఇంట్లో ఒక్క నజ్వాకే అర్థమవుతుంది. నలభై నాలుగేళ్లు కాపురం చేసిన తనకు అర్థం కాదు. మామా కోడలూ రోజూ గుసగుసలాడుకుంటారు. తను గదిలోకి అడుగుపెట్టగానే ఇద్దరూ చప్పబడతారు. ఇన్నాళ్లూ అది పట్టించుకోలేదు. ఇప్పుడు గుమ్మం బయట నిలబడి చెవి పెట్టింది. "ఇంకెన్ని రోజులు" అన్న మాట ఒక్కటే వినబడింది.

మూడు రోజుల పాటు ట్యాంకులో కర్ర ముంచి గీతలు పెట్టింది. తెల్లవారేసరికి నాలుగేసి వేళ్లు తగ్గుతోంది. ఇస్సామ్ మూడింటికే లేచి సరిహద్దు అవతల పనికని చెక్‌పోస్టు క్యూకి పోతాడు. ఆ తరవాతే ఈ మాయ జరుగుతోంది. కాపు కాద్దామంటే సరిగ్గా అదే వేళకు సబ్రీ మంచం మీద గోల మొదలుపెడతాడు. ఒళ్లు తుడవాలి, దిండు మార్చాలి, కాలు పిసకాలి. వదిలిపెట్టడు. ఇదివరకు ఇంత పేచీ ఎప్పుడూ లేదు.

బుధవారం సాయంత్రం నాయిఫ్ పని నుంచి నేరుగా కింది వాటాలోకి వచ్చాడు. బూట్లకు సిమెంటు కూడా దులుపుకోలేదు. తలుపు వేశాడు.

"అమ్మా, నాన్న రేకు పెట్టె ఎక్కడ?"

"మంచం కిందే. ఎందుకురా?"

"నజ్వాని కింది రోడ్డు మలుపు దగ్గర చూశారట. పసుపు ప్లేటు కారు. సరిహద్దు అవతలి వాళ్ల బండి. లోపల తెల్లజుట్టు ఆవిడెవరో ఉంది. నజ్వా చేతిలోంచి కవరు తీసుకుని పోయిందట."

రతీబా మంచం కిందికి వంగింది. పెట్టె లాగి తెరిచారు. పెళ్లి కాగితాలున్నాయి, కరెంటు బిల్లులున్నాయి, సబ్రీ తండ్రి కళ్లజోడు ఉంది. ఇంగ్లీషు వాళ్ల కాలం నాటి శిస్తు రసీదు మాత్రం లేదు. కొండ మీది పై చేను తమదేనని చెప్పే కాగితం అదొక్కటే.

నాయిఫ్ నేల మీద కూలబడ్డాడు. "అవతలి వాళ్లకు నేల కొనిపెట్టే దళారీ చేతికి పోయిందమ్మా. అయిపోయాం."

రతీబా మంచం దగ్గరికి వెళ్లింది. నిద్ర నటిస్తున్న సబ్రీ ఎడమ చెయ్యి పట్టుకుని వెలుతురుకు తిప్పింది. బొటనవేలి మీద ఊదా రంగు సిరా. గోరు పక్కన ఇంకా పోలేదు.

"ఇదేంటి?"

సబ్రీ కళ్లు తెరిచి ఆమెను చూశాడు. చెయ్యి లాక్కుని దుప్పటిలోకి దాచుకున్నాడు. దొంగలా. ఆమె కళ్లలోకి మళ్లీ చూడలేదు.

ఈ కొండల్ని ఆక్రమించుకుంటున్న అవతలి వాళ్లకు చోటు అమ్మిందని పేరొచ్చిన ఇంటికి పలకరింపులుండవు. పెళ్లిళ్లకు పిలవరు. చావుకు కూడా రారు. నాయిఫ్‌కి పెళ్లీడుకొచ్చిన కూతుళ్లిద్దరు. ఆ రెండు రోజులూ తల్లీ కొడుకూ ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. నజ్వా పెట్టిన టీ మాత్రం రతీబా తాగలేకపోయింది. గ్లాసు పక్కన పెట్టి, తనే ఇంకో టీ పెట్టుకుంది. నజ్వా అది చూసింది.

శుక్రవారం మసీదు నుంచి కొడుకులిద్దరూ వచ్చారు. నజ్వా వండిన మక్లూబా గిన్నెను పెద్ద పళ్లెంలో బోర్లించింది. అన్నం మీద వంకాయ ముక్కలు పొగలు కక్కుతున్నాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"కూర్చో నజ్వా," అన్నాడు నాయిఫ్. "నాన్న పెట్టెలో కాగితం ఏమైంది?"

నజ్వా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నా దగ్గర లేదు బావగారూ."

"మరెవరి దగ్గరుంది?"

"చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పుకోలేవా?"

"అన్నయ్యా, కాస్త మర్యాదగా అడుగు," ఇస్సామ్ లేచాడు.

"మర్యాదా? నాన్న వేలికి సిరా ఉందిరా! కదల్లేని మనిషి చేత వేలిముద్ర వేయించింది నీ పెళ్లాం. పసుపు ప్లేటు కారెక్కించి కాగితం పంపించింది. ఊళ్లో తెలిస్తే నీకూ నాకూ మొహం ఎక్కడ?"

ఇస్సామ్ భార్య వైపు తిరిగాడు. "నజ్వా?"

"నేనేమీ అమ్మలేదు."

"మరేం చేశావు?"

"చెబితే ఆపేస్తారు. మీ అన్నదమ్ములిద్దరూ ఆపేస్తారు. అందుకే చెప్పలేదు."

"విన్నారా? ఒప్పుకుంటోంది!" సుహైలా గుమ్మంలోంచి అరిచింది.

"ట్యాంకులో నీళ్లు కూడా వాళ్లకే పోస్తున్నావా?" రతీబా నోట్లోంచి వచ్చేసింది ఆ మాట.

నజ్వా మొదటిసారి తలెత్తింది. అత్త మాటకే ఎక్కువ దెబ్బ తగిలినట్టుంది. "నీళ్లు తీసింది నేనే అత్తయ్యా."

"మొన్న కారుతోందన్నావు!"

"అబద్ధం చెప్పాను."

పక్క గదిలో గోడ మీద దబదబ బాదుతున్న చప్పుడు. అందరూ లేచి పరుగెత్తారు. సబ్రీ మంచంలో సగం పైకి లేచి, ఎడమ చేత్తో గోడ కొడుతూ ఏదో అరుస్తున్నాడు. నోట్లోంచి మాట బదులు గాలి వస్తోంది.

"మామయ్య ఏమంటున్నారంటే..." నజ్వా ముందుకొచ్చింది.

"నువ్వు చెప్పకు!" నాయిఫ్ అడ్డుపడ్డాడు. "నువ్వు చెప్పేది నీకు కావలసినట్టే ఉంటుంది."

సబ్రీ కొట్టడం ఆపాడు. రొప్పుతూ చెయ్యెత్తి కిటికీ వైపు చూపించాడు. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. తరవాత అదే వేలితో రతీబాను చూపించాడు. మళ్లీ కొండను.

"నన్ను వెళ్లమంటున్నావా?" అంది రతీబా. "పై చేనికి?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరు నెలల్లో ఆయన చెప్పింది ఆమెకు అర్థమవడం అదే మొదలు.

పై చేనికి ఆ ఇంటివాళ్లు వెళ్లి ఆరేళ్లైంది. కొండ పక్కనున్న ఊట, అవతలి వాళ్లు పైన కట్టుకున్న ఎర్ర పెంకుల కాలనీ కంచెలోకి పోయింది. ఆ ఏడాదే ఆలివ్ కోతల్లో కాలనీ కుర్రాళ్లు రాళ్లు రువ్వారు, చెట్లు నరికేశారు. సిపాయిలొచ్చి నాయిఫ్‌ని పట్టుకెళ్లారు. వదిలిపెట్టారు గానీ, అవతలి పనికి పోయే పర్మిట్ ఏడాది పాటు రద్దు చేశారు. ఆ ఏడాదంతా ఇల్లు పప్పు మీద బతికింది. ఆ మీదట కొడుకులిద్దరూ పై చేను మాటెత్తొద్దని తల్లి చేత, తండ్రి చేత ఒట్టేయించుకున్నారు.

రోడ్డుకి అడ్డంగా మట్టి గుట్ట పోసి ఉంది, బండి పోదు. రతీబాను గాడిద మీద ఎక్కించి ఇస్సామ్ తాడు పట్టుకున్నాడు. నజ్వా వెనక నడిచింది. దారి పొడుగునా రతీబా ఒకటే అనుకుంది. అక్కడ కంచె పాతి ఉంటుంది. బోర్డు ఉంటుంది. ఈ పిల్లను ఇవాళే పుట్టింటికి పంపేయాలి.

పైకి చేరాక ఇస్సామ్ తాడు వదిలేశాడు.

కూలిన రాతి గట్లు తిరిగి పేర్చి ఉన్నాయి. మెట్లు మెట్లుగా ఉన్న చేనంతా మోకాలెత్తు ఆలివ్ మొక్కలు. ఒక్కో మొక్క చుట్టూ కోసిన ప్లాస్టిక్ డబ్బా, దాని కింద పళ్లెమంత మేర నల్లటి తడి. ఇస్సామ్ కూర్చుని మట్టిలో వేలు దించాడు. వేలికి బురద అంటింది.

"ఎవరు నాటారు ఇవి?"

"మామయ్య," అంది నజ్వా. "రెండేళ్లైంది. చలికాలంలో."

"మీ మామయ్యా?" రతీబా గాడిద దిగింది. "ఆయన రోజూ కాఫీ హోటల్‌కి కదా పోయేది!"

"ఒక్కరోజు కూడా పోలేదు అత్తయ్యా."

"పేకాటలో ఎవడు గెలిచాడో, ఎవడు మోసం చేశాడో ఇంటికొచ్చి చెప్పేవాడే ముసలాడు! నేను నమ్మి వాడెవడినో తిట్టాను కూడా!"

ఇస్సామ్‌కు నవ్వొచ్చింది. నవ్వకుండా ఆగిపోయాడు. వెనక రాళ్లు దొర్లిన చప్పుడైంది. నాయిఫ్ వాళ్ల వెనకే వచ్చి, గట్టు అంచున నిలబడి మొక్కల్ని చూస్తున్నాడు.

అప్పుడు నజ్వా మొత్తం చెప్పింది. పక్షవాతం వచ్చాక మామయ్య ముద్దమాటల్లో ఆమెకు మొదట అర్థమైన మాట "నీళ్లు". తాగడానికనుకుని గ్లాసు ఇచ్చింది. ఆయన తల అడ్డంగా తిప్పి కొండను చూపించాడు. ఆ మర్నాడు వెళ్లి చూస్తే మొక్కలు కనిపించాయి. వానలు ఆగిన నాటినుంచి రోజూ నాలుగు క్యాన్లు మోసుకెళ్తోంది. నెల కిందట చేలో ఒక రాయి కింద కాగితం దొరికింది. ఈ నేల ఎవరూ సాగు చేయడం లేదు కాబట్టి అవతలి సర్కారుదని, కాదనేవాళ్లు నలభై ఐదు రోజుల్లో చెప్పుకోవాలని దాని మీద రాసి ఉంది.

"లోయలో మా చోటుకీ ఇలాగే రాయి కింద కాగితం పెట్టారు. మా నాన్నకు చదువు రాదు. ఎవరో ఒకరితో చదివించుకునేసరికి గడువు దాటిపోయింది." నజ్వా వంగి ఒక డబ్బా సరిచేసింది. "ఆ తెల్లజుట్టు ఆవిడ పేరు దొరిత్. రిటైరైన టీచరు. కాలనీ వాళ్లు మీద పడకుండా, చేలకు పోయే మన వాళ్ల పక్కన కెమెరా పట్టుకుని నిలబడుతుంది. ఆవిడకు తెలిసిన లాయరు అవతల ఉన్నాడు, అక్కడికి వెళ్లడానికి నాకు పర్మిట్ లేదు. అందుకే రసీదు, మన తరఫున మాట్లాడమని లాయరుకు మామయ్య వేలిముద్ర వేసిన కాగితం ఆవిడ చేతికిచ్చాను."

"అవతలి మనిషికి మన చేను మీద ఇంత ప్రేమేంటి? ఆవిడకేం లాభం?" అంది రతీబా. అనుమానం ఇంకా పూర్తిగా వదల్లేదు.

"నేనూ అదే అడిగాను. ఆవిడ ఏదో చెప్పింది, ఆవిడ అరబ్బీ నాకు సగమే అర్థమైంది. నాకూ భయంగానే ఉంది అత్తయ్యా. కానీ వేరే దారి కనబడలేదు."

ఇస్సామ్ లేచాడు. ఇంతసేపూ లేని కోపం ఇప్పుడొచ్చింది. "నా పర్మిట్ పోతే? నాయిఫ్ అన్నయ్యది పోతే? ఈ ఇంట్లో ఇంతమందిమి తినేది ఆ పని మీద! నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"అనిపించింది. రోజూ అనిపించింది." నజ్వా అతని ఎదురుగా నిలబడింది. "చెబితే వద్దంటావు. వద్దన్నాక చేస్తే నీ మాట కాదన్నదాన్నవుతాను. చెప్పకుండా చేశాను. అదీ తప్పే, నాకు తెలుసు. కానీ మొక్క వాడిపోతుంటే చూస్తూ ఉండలేకపోయాను."

ఇస్సామ్ అటు తిరిగాడు. నాయిఫ్ నెమ్మదిగా గట్టు దిగి వచ్చాడు.

"దళారీ కాదన్నమాట," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తరవాత నజ్వా వైపు తిరిగి, "చూడ్డానికి అధికారులు వస్తారు. సాగు చేస్తున్నదెవరని అడుగుతారు. ఎవరి పేరు చెబుతావ్?"

"అదే తెలియడం లేదు బావగారూ."

"నా పేరు చెప్పండి," అంది రతీబా. అందరూ ఆమె వైపు తిరిగారు. "ఏం చూస్తారు? నాకేమన్నా పర్మిట్ ఉందా రద్దు చేయడానికి? నా దగ్గర లాక్కోడానికి ఏముంది, బీపీ మాత్రలా?"

మర్నాటి నుంచి రతీబా కూడా కొండెక్కింది. మొక్కలు లెక్కపెట్టుకుంది. కాలనీ వాళ్లు పీకేస్తే నజ్వా తిరిగి పాతినవి ఏవో గుర్తు పెట్టుకుంది. నాలుగో రోజు పొద్దున ఇంటి గేటు దగ్గర నిండు క్యాన్లు రెండు ఎక్కువగా కనిపించాయి. పై వాటా ట్యాంకులోవి. నాయిఫ్ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. సుహైలా మాత్రం డాబా మీంచి, "ఇక మా పిల్లలకి తొట్టి కూడా లేదు, చెంబే గతి!" అని గట్టిగానే వినిపించింది. కానీ క్యాన్లు ఆగలేదు.

పదకొండో రోజున జీపు వచ్చింది. కుర్ర ఆఫీసరు, అరబ్బీ వచ్చిన సిపాయి ఒకడు. దూరంగా కెమెరా పట్టుకుని దొరిత్. రతీబా ఆవిడను చూసి నవ్వలేదు గానీ, ఫ్లాస్కులోంచి టీ పోసి పంపింది.

"ఇవన్నీ నువ్వే పెంచావా?" సిపాయి అడిగాడు.

"నేనూ నా మొగుడూ. ఆయన మంచంలో ఉన్నాడు."

"ఎన్ని?"

"అరవై నాలుగు. ఏడు పీకేస్తే మళ్లీ పెట్టాం. ఆ చివరి మూడూ అందులోవే."

"నీళ్లెక్కడివి?"

"మా ఇంటి ట్యాంకువి."

సిపాయి ఆఫీసరుకు చెప్పాడు. ఆఫీసరు పెదవి విరిచి ఏదో అన్నాడు. "తాగడానికే నీళ్లు లేవని మీ ఊరంతా గొడవ చేస్తుంది కదా. చెట్లకెలా మిగిలాయని అడుగుతున్నారు."

"తాగేవి తగ్గించి పోశాం."

ఆఫీసరు ఆమె మొహం చూశాడు. చేతులు చూశాడు. చెప్పుల మీది మట్టి చూశాడు. తరవాత నజ్వా చేతులు చూసి, మళ్లీ రతీబా చేతులు చూశాడు. ఆమె ఏం చెప్పినా ఆ కళ్లలో ఏమీ మారడం లేదు. అబద్ధమని ముందే తేల్చుకుని, ఇప్పుడు ఆనవాళ్లు వెతుకుతున్న చూపు అది.

ఆ చూపు రతీబాకు కొత్తది కాదు. రెండు వారాలు అదే చూపుతో తను నజ్వాను చూసింది. వంటింట్లో, గుమ్మంలో, టీ గ్లాసు మీంచి. ఇంత చిన్నబుచ్చే చూపని అప్పుడు తెలియలేదు.

వాళ్లు ఫొటోలు తీసుకుని, కొలతలు రాసుకుని వెళ్లిపోయారు. ఆ చేను సంగతి ఇప్పటికీ తేలలేదు. విచారణ మూడుసార్లు వాయిదా పడింది. తేలేదాకా ఎవరూ చెట్లు ముట్టుకోవద్దని, సాగు చేసుకోవచ్చని మాత్రం ఒక కాగితం వచ్చింది. చలికాలం ముందు ఇస్సామ్ పర్మిట్ పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. చేను వల్లేనేమో, కాదేమో. ఇస్సామ్ ఇప్పుడు ఊరి రాళ్ల క్వారీలో పని చేస్తున్నాడు. మొదట్లో నెల రోజులు నజ్వాతో ముభావంగా ఉన్నాడు. తరవాత ఒక రోజు తనే గాడిదకు క్యాన్లు కట్టాడు.

జీపు వెళ్లిపోయిన ఆ రోజు అత్తా కోడళ్లిద్దరే కొండ దిగుతున్నారు. సగం దారిలో రతీబా గాడిదను ఆపి కిందికి దిగింది.

"నజ్వా, నేను నిన్ను దొంగ అనుకున్నాను. అంతకంటే ఘోరంగా అనుకున్నాను."

"తెలుసు అత్తయ్యా."

"ఎలా తెలుసు?"

"నా బట్టల బీరువా వెతికారుగా. మడతలు మీ పద్ధతిలో పెట్టారు."

రతీబా సిగ్గుతో తల దించుకుంది. నజ్వా కళ్లు అప్పటికే తడిసిపోయాయి. "ఒక్కసారి అడగొచ్చుగా నన్ను? బీరువాని అడిగారు, ట్యాంకుని అడిగారు. నన్ను అడగలేదు."

"అడిగితే చెప్పేదానివా?"

నజ్వా ఆలోచించింది. "లేదు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వుతూనే రతీబాకు ఏడుపొచ్చింది. కోడలి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. క్యాన్ల తాళ్లు కోసుకుపోయి అరచేయి గరుకెక్కి ఉంది.

"ఇప్పుడు అడుగుతున్నా. నిజం చెప్పు. ఆయన నీతో చెప్పాడు, నాతో ఎందుకు చెప్పలేదు? నలభై నాలుగేళ్లు కలిసున్నదాన్ని, నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు." నజ్వా కొండ పైకి ఒకసారి చూసింది. "ఆరేళ్ల కిందట రాళ్లు పడుతుంటే మీరు వెళ్లి మామయ్యకు అడ్డంగా నిలబడ్డారట కదా. ఆ సంగతి మామయ్యే చెప్పారు. మీకు తెలిస్తే మళ్లీ ఇక్కడికొస్తారు, మళ్లీ అలాగే నిలబడతారు అని భయపడ్డారు. మీకు మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నారు."

రతీబా తలగుడ్డ అంచుతో మొహమంతా తుడుచుకుంది.

"పద," అంది చివరికి. "ముసలాడు ఆకలితో ఉంటాడు."